కలకత్తా మెస్సులో మారుపేరు మనిషి

సినిమాకు కథ చెప్పడానికి వెళ్లిన రచయితను నిర్మాత మొదట అడిగేది పాయింట్ ఏమిటని. దాన్ని నాలుగు మాటల్లో చెప్పగలిగితేనే మిగతా కథ వినడానికి ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. శరదిందు బందోపాధ్యాయ 1930ల ఆరంభంలో ఎన్నుకున్న పాయింట్ ఇది. కలకత్తాలో ఒక పేట. అక్కడ తరచుగా హత్యలు జరుగుతున్నాయి. వాటి వెనుక కొకైన్ రహస్య వ్యాపారం ఉందని పోలీసులకు అనుమానమే తప్ప ఆధారం లేదు. ఆ పేటలోని ఒక మెస్సుకు, పని వెతుక్కుంటూ వచ్చానంటూ ఒక యువకుడు వస్తాడు. గదులు ఖాళీ లేవు. జాలిపడి ఒక అద్దెదారు తన గదిలోనే చోటిస్తాడు. వచ్చినవాడు చెప్పుకున్న పేరు అతుల్ చంద్ర మిత్ర. అది అతని పేరు కాదు. అతని కంటపడకుండా తప్పించుకుంటున్న నేరస్థుడు ఎంత దూరంలో ఉన్నాడో అతనికీ ఇంకా తెలియదు.

'సత్యాన్వేషి' అనే ఆ కథలో అతుల్‌గా వచ్చినవాడు బ్యోంకేశ్ బక్షీ. బెంగాలీ పాఠకులు తొంభై ఏళ్లుగా తమ ఇంటి మనిషిగా భావిస్తున్న పాత్ర. అతన్ని లోకం డిటెక్టివ్‌గా లెక్కవేసుకుంది. ఆ పాత్రకు మాత్రం ఆ మాట నచ్చదు. తలుపు మీది పలకపై పేరు కింద సత్యాన్వేషి అని రాయించుకున్నాడు. అయితే ఈ మొదటి పరిచయంలో అతడు చేసే పని డిటెక్టివ్ పని కన్నా గూఢచారి పనికే దగ్గర. పోలీసు కమిషనర్ అనుమతితో, మారుపేరుతో, శత్రువు ఉండే చోటికే వెళ్లి మకాం పెట్టడం, అక్కడివారితో కలిసి తిని, కలిసి నిద్రించడం, ఆఖరికి అనుమానితుడిగా తానే అరెస్టు కావడం గూఢచారి కథకు అవసరమైన దినుసులే. తుపాకీ, విదేశీ విమానాశ్రయం, వేగంగా దూసుకుపోయే కారు ఏవీ అందులో లేవు.

మెస్సు అనగానే తెలుగు పాఠకుడికి భోజనశాల గుర్తుకు వస్తుంది. కలకత్తా మెస్సు వేరు. పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి ఉద్యోగానికో చదువుకో వచ్చిన మగవాళ్లు ఒకే ఇంట్లో గదులు పంచుకుని ఉంటారు. వంటవాడు ఉమ్మడి, నౌకరు ఉమ్మడి, నెలాఖరున ఖర్చు ఉమ్మడి. పక్కవాడు ఎన్ని గంటలకు లేస్తాడో, ఏ కూర ఇష్టపడతాడో తెలుసు. అతని ఊరేమిటో, పూర్వాపరాలేమిటో అతడు చెప్పిందే తప్ప వేరే దాఖలా ఉండదు. ఇంత దగ్గరితనంలో ఇంత తెలియనితనం ఉండే ఇల్లు అప్పట్లో ఆ నగరంలోనే వీధి వీధికీ ఉండేది. ఇప్పుడు మహాత్మా గాంధీ రోడ్డుగా పిలుస్తున్న నాటి హారిసన్ రోడ్డులో ఇలాంటి మెస్సులు చాలా ఉండేవి. విద్యార్థి దశలో శరదిందు అలాంటి మెస్సు జీవితాన్నే గడిపారు. కొకైన్ ముఠా కేసు ముగిశాక బ్యోంకేశ్, అతనికి చోటిచ్చిన అజిత్ స్థిరపడిన నివాసం కూడా హారిసన్ రోడ్డులోనే.

శరదిందు 1899 మార్చి 30న నేటి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో జన్మించారు. తండ్రి తారాభూషణ్ బీహార్‌లోని ముంగేర్‌లో న్యాయవాది. బెంగాల్‌కు వెలుపల స్థిరపడిన బెంగాలీ కుటుంబం. ముంగేర్‌లో మెట్రిక్యులేషన్ ముగించి కలకత్తా విద్యాసాగర్ కళాశాలలో చేరారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఒక కవితా సంపుటి వెలువరించారు. తరువాత పాట్నాలో న్యాయశాస్త్రం చదివి, కొంతకాలం ఆ వృత్తి చేసి, 1929లో దాన్ని విడిచి రచననే నమ్ముకున్నారు. తండ్రి వృత్తిని, స్థిరమైన ఆదాయాన్ని వదులుకుని పత్రికలకు కథలు రాసి బతకాలనుకోవడం ఆ రోజుల్లో సాహసమే. కలకత్తాను ఆయన పుట్టి పెరిగినవాడి కళ్లతో చూడలేదు. బయటి నుంచి వచ్చి అద్దె గదిలో దిగినవాడి కళ్లతో చూశారు. ఆయన కథల్లో కలకత్తా ఇళ్లు ఎప్పుడూ కొంత అపరిచితంగా కనిపించడానికి ఇదే కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మొదటి బ్యోంకేశ్ కథ 1932లో వచ్చింది. 'పథేర్ కాంటా', అంటే దారిలో ముల్లు. దాని కథాబీజాన్ని ఒకసారి విన్నవారు మరచిపోరు. పత్రికలో ఒక వింత ప్రకటన పదే పదే వస్తుంటుంది. మీ దారిలోని ముల్లు తొలగించుకోవాలనుకుంటే ఫలానా రోజు, ఫలానా వేళకు చౌరంగీ ప్రాంతంలోని ఒక పెద్ద దుకాణం మూలనున్న దీపస్తంభాన్ని ఆనుకుని నిలబడాలని దాని సారాంశం. అదే కాలంలో నగరంలో నడివీధిలో నడుస్తున్న మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోతున్నారు. వారి గుండెలో దొరుకుతున్నది గ్రామఫోన్ పిన్ను. గ్రామఫోన్ అప్పటికి మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన కొత్త వేడుక. ఆ పిన్నును ప్రయోగించే సాధనం కూడా ఆనాటి కలకత్తా వీధిలో ఎవరి చెవికీ కొత్త కానిదే. అదేమిటో ఇక్కడ చెప్పడం లేదు. కథ చదవనివారి ఆనందాన్ని వార్తా విభాగం హరించకూడదు.

ఆ తర్వాతిది 'సీమంత హీరా'. అందులో బ్యోంకేశ్, అజిత్ మారువేషంలో ఒక శిల్పి ఇంట్లోకి ఉద్యోగార్థులుగా ప్రవేశించబోతారు. ఆ పెద్దమనిషి మొదటి రోజే వారిని పసిగట్టేస్తాడు. పట్టుబడిన గూఢచారి అదే ఇంట్లో, ఇంటి యజమాని వెక్కిరింతల మధ్య, వజ్రం ఎక్కడుందో వెతకవలసి వస్తుంది. చాలామంది రచయితలు మారువేషం బయటపడటాన్ని పతాక సన్నివేశానికి దాచుకుంటారు. శరదిందు దాన్ని ముందే ఖర్చుపెట్టి, ఇక ఇప్పుడేం చేస్తావని తన నాయకుణ్ణి నిలదీశారు. చిత్రమేమిటంటే పరిచయ కథ అయిన 'సత్యాన్వేషి' ఈ రెండింటి తర్వాత రాసింది. రెండు కథలు రాశాకే ఇది వరుసగా సాగదగిన పాత్ర అని ఆయనకు తోచింది. అప్పుడు వెనక్కి వెళ్లి, ఈ మనిషి అజిత్‌కు ఎలా పరిచయమయ్యాడో కల్పించారు. ఆ వెనకటి కథకే అన్నిటికన్నా బలమైన పాయింట్ దొరికింది.

1930ల మధ్యలో రాసిన 'అగ్నిబాణ్' మరో మెట్టు. వెలిగిస్తే ప్రాణం తీసే అగ్గిపుల్ల అందులోని ఆయుధం. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు చేసిన బీభత్సం మనుషుల మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉన్న రోజులవి. రహస్య ఆయుధం, దానిని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు, అది చేతులు మారితే ఏమవుతుందనే భయం తరువాతి కాలంలో లెక్కలేనన్ని గూఢచారి చిత్రాలకు ముడిసరుకు అయ్యాయి. శరదిందు ఆ భయాన్ని ఒక అగ్గిపెట్టెలో పెట్టారు.

1936 నాటికి పది కథలయ్యాయి. వాటిలో ఒకదానిలో బ్యోంకేశ్ సత్యవతి అనే యువతిని కలుస్తాడు, పెళ్లి చేసుకుంటాడు. పెళ్లయిన నాయకుడి మీద పాఠకులకు ఆసక్తి సన్నగిల్లుతుందని రచయిత భావించారు. ఆ శ్రేణిని ఆపేశారు.

రెండేళ్ల తరువాత, 1938లో, బొంబాయి నుంచి పిలుపు వచ్చింది. హిమాంశు రాయ్, దేవికా రాణి నడుపుతున్న బాంబే టాకీస్‌లో కథా రచయితగా ఉద్యోగం. ఆ రోజుల్లో కలకత్తా సినిమాకు తక్కువ ఊరేమీ కాదు. న్యూ థియేటర్స్ వైభవం అప్పుడే. మన తొలి టాకీల్లో 'సతీ సావిత్రి', 'లవకుశ' వంటివి సి. పుల్లయ్య గారు కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ కోసం తీసినవే. అయినా శరదిందు బొంబాయికే వెళ్లారు. బాంబే టాకీస్‌లో నెల జీతం ఉంది, క్రమం తప్పని పని ఉంది. కలం మీద బతికే మనిషికి ఈ రెండూ చిన్న విషయాలు కావు.

అక్కడ ఆయన పరిస్థితిని ఊహించుకోవాలి. రాసేది బెంగాలీ రచయిత. తీసేది ఫ్రాంజ్ ఆస్టెన్ అనే జర్మన్ దర్శకుడు. తెర మీద పలికేది హిందుస్తానీ. రచయిత భాషా సౌందర్యం ఈ మూడు మజిలీలు దాటి ప్రేక్షకుడిని చేరదు. చేరేది ఒక్కటే, కథ నిర్మాణం. ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డుపడుతున్నారు, ఏ రహస్యం ఎవరికి ఎప్పుడు తెలియాలి అనే లెక్క. 'భాభీ', 'దుర్గా', 'నవజీవన్', 'ఆజాద్' వంటి చిత్రాలకు ఆయన పనిచేశారు. ఇవేవీ గూఢచారి చిత్రాలు కావు, సాంఘికాలు. 1939లో యుద్ధం మొదలై ఆస్టెన్‌ను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. 1940లో హిమాంశు రాయ్ మరణించారు. తరువాత శరదిందు ఇతర సంస్థలకు, ఆపై స్వతంత్రంగా చిత్రరచన చేస్తూ 1952 దాకా ఆ రంగంలోనే ఉన్నారు. ఆ ఏడాది దాన్ని వదిలి పూనాలో స్థిరపడి పూర్తిగా సాహిత్యానికి మరలారు.

ఇక్కడ ఒక లెక్క వేసుకోవలసి ఉంది. పదిహేనేళ్లపాటు బ్యోంకేశ్ కథ ఒక్కటీ రాలేదు. ఆ కాలంలో కలకత్తా ఎన్ని చూసింది! 1942 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. 1943 కరువులో ఆకలితో వచ్చిన పల్లెజనం వీధుల్లో ప్రాణాలు వదిలారు. 1946 ఆగస్టులో మతకల్లోలాలు. మరుసటి ఏడు దేశ విభజన. రహస్యాలకు, మారుపేర్లకు, నమ్మకద్రోహాలకు అంతకు మించిన కాలం ఉండదు. ఆ నగరానికి తగిన కథకుడు వెయ్యి మైళ్లకు పైగా దూరంలో, మరో భాషలో తీసే సినిమాలకు సన్నివేశాలు కూర్చుతున్నారు. సినిమా ఆయనకు అన్నం పెట్టింది, నిర్మాణం నేర్పింది. తీసుకున్నది కూడా తక్కువ కాదు.

సినిమా ఉద్యోగానికి వెళ్లిన కాలంలోనే పుస్తకంగా వచ్చిన 'ఝిందేర్ బందీ' విషయం కొంచెం చెప్పాలి. ఆంథొనీ హోప్ రాసిన 'ప్రిజనర్ ఆఫ్ జెండా'కు అది బెంగాలీ రూపం. పేరులోనే రచయిత కొంటెతనం ఉంది. జెండా కాస్తా ఝింద్ అయింది. అపహరణకు గురైన రాజు స్థానంలో, అచ్చం అతనిలాగే ఉన్న కలకత్తా యువకుడు గౌరీశంకర్ సింహాసనం మీద కూర్చోవలసి వస్తుంది. మళ్లీ అదే పాయింట్. తనది కాని పేరుతో, తనది కాని ఇంట్లో, పట్టుబడితే ప్రాణం పోయే స్థితిలో ఒక మనిషి. 1961లో తపన్ సిన్హా దీన్ని తెరకెక్కించారు. ఉత్తమ్ కుమార్ ద్విపాత్రాభినయం, ప్రతినాయకుడిగా సౌమిత్ర ఛటర్జీ. అరువు తెచ్చుకున్న కథను దాచకుండా, పేరులోనే ఒప్పుకున్న ఆ నిజాయతీ నేటి సినిమావారికి కొంత అవసరమేమో.

సినిమాను విడిచే ముందే బ్యోంకేశ్ తిరిగి వచ్చాడు. కలకత్తాకు వెళ్లినప్పుడు అక్కడి యువ పాఠకులు ఆ పాత్రను ఇంకా మరచిపోలేదని గ్రహించి, 1951లో 'చిత్రచోర్' రాశారు. తిరిగి వచ్చిన బ్యోంకేశ్ సంసారి. భార్యతో చిలిపి తగవులు పడతాడు, జ్వరం వస్తే పథ్యం తింటాడు. పెళ్లి ఈ పాత్రను చంపుతుందన్న రచయిత అంచనా తప్పని ఆయన కలమే నిరూపించింది. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్న మనిషి ప్రమాదంలోకి వెళితేనే పాఠకుడి గుండె వేగంగా కొట్టుకుంటుంది.

దూరంగా ఉండి చూడలేకపోయిన కాలాన్ని కూడా ఆయన ఈ దశలో వెనక్కి వెళ్లి పట్టుకున్నారు. 'ఆదిమ్ రిపు' కథకు 1946 కల్లోలాల కలకత్తా, దాని తరువాతి స్వాతంత్ర్య ఘడియ నేపథ్యం. 'అమృతేర్ మృత్యు'లో యుద్ధం ముగిశాక అమెరికా సైనికుల నుంచి రహస్యంగా చేతులు మారిన ఆయుధాలు ఒక చిన్న ఊళ్లో ఎక్కడో దాగి ఉంటాయి. వాటి జాడ తీయడానికి ప్రభుత్వం బ్యోంకేశ్‌ను పంపుతుంది. ప్రభుత్వం తరఫున రహస్యంగా చేసే పని కనుక ఇది సూటిగా గూఢచారి కథే. అయినా రచయిత చూపు ఆయుధాల కన్నా ఆ ఊరి బియ్యం మిల్లుల చుట్టూ తిరిగే మనుషుల మీదే ఉంది.

తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన పుస్తకం మరొకటి ఉంది. 1965లో వచ్చిన 'తుంగభద్రార్ తీరే' నవల. దీనికి 1967లో రవీంద్ర పురస్కారం లభించింది. కాలం పదిహేనో శతాబ్దం, విజయనగరాన్ని రెండో దేవరాయలు ఏలుతున్న రోజులు. ఆయనను వివాహమాడటానికి కళింగ రాకుమారి విద్యున్మాల పడవల్లో ప్రయాణిస్తూ కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరికి వస్తుంది. అంటే మన అలంపురం సమీపానికి. అక్కడ నదిలో కొట్టుకువస్తున్న ఒక యువకుణ్ణి పడవలోకి లాగుతారు. పేరు అర్జునవర్మ. బహమనీ రాజ్యం నుంచి పారిపోయి వచ్చానంటాడు. శరణార్థా, శత్రువు పంపిన వేగా? నవల ఆ ప్రశ్నతోనే నీళ్లలోంచి పైకి లేస్తుంది. వెదురు కర్రలు కాళ్లకు తొడుక్కుని గుర్రంతో పోటీగా పరుగెత్తగల అతని విద్యే తరువాత అతన్ని రాజు రహస్య వార్తాహరుణ్ణి చేస్తుంది. దేవరాయలపై సొంత తమ్ముడు చేసిన హత్యాయత్నం కథకు కీలకం. ఇది కల్పన కాదు. 1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ వృత్తాంతంలో కొత్త ఇంటి విందు పేరిట జరిగిన ఆ దారుణం ఉంది. చరిత్రలో ఒక్క పేరా ఉన్న చోట ఆయన ఒక గూఢచారి కథ చూశారు. కలకత్తా మెస్సులో దిగిన అతుల్ చంద్ర మిత్రకు, సంగమం దగ్గర పడవెక్కిన అర్జునవర్మకు ముప్పై ఏళ్ల దూరం ఉంది, కానీ ఇద్దరినీ మనం ఒకే అనుమానంతో చూస్తాం. ఎవరితను?

1960లలో ప్రపంచమంతా జేమ్స్ బాండ్ గాలి వీచింది. మన దగ్గర 1966లో ఆరుద్ర రచనతో, కృష్ణ నాయకుడిగా 'గూఢచారి 116' వచ్చి విజయం సాధించింది. మరుసటి ఏడు కలకత్తాలో సత్యజిత్ రాయ్ బ్యోంకేశ్ కథ 'చిడియాఖానా'ను తీశారు. అందులో ఉత్తమ్ కుమార్ జపాన్ ఉద్యానవేత్త వేషంలో అనుమానితుల కాలనీలోకి వెళతారు. రాయ్‌కు ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. రాయ్ మాత్రం దానిని తన మంచి చిత్రాల్లో లెక్కవేసుకోలేదు. శరదిందుకూ అది తృప్తినివ్వలేదంటారు. పద్నాలుగేళ్లు సినిమాకు రాసిన మనిషి, తన సొంత పాత్రకు మాత్రం తానే చిత్రరచన చేయలేదన్నది ఈ జీవితంలో మిగిలిపోయిన వెలితి.

దూరదర్శన్‌లో 1993లో బాసు ఛటర్జీ ధారావాహిక వచ్చేనాటికి మా తరం వారు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. రజిత్ కపూర్ ధోవతి, లాల్చీతో తెర మీద కనిపించేవారు. హాస్టల్ టీవీ గదిలో చోటు దొరక్క కిటికీ బయట నిలబడి చూసిన ఎపిసోడ్లు ఉన్నాయి. పక్క గదిలో ఉంటున్న మనిషి నిజంగా ఎవరో మనకెలా తెలుస్తుందన్న ఆలోచన హాస్టల్లో ఉన్నవారికి కొంచెం ఎక్కువగానే తగిలింది. 2015లో దిబాకర్ బెనర్జీ తీసిన హిందీ చిత్రం అదే మెస్సు కథను 1942-43 నాటి యుద్ధకాలపు కలకత్తాకు తరలించి, జపాన్ దాడి భయాన్ని కలిపి, పూర్తి గూఢచారి చిత్రంగా మలచింది. రచయిత బొంబాయిలో ఉండి వదిలేసిన ఆ ఏళ్లలోకే దర్శకుడు పాత్రను ప్రవేశపెట్టాడు.

చివరి దశలో శరదిందు ఒక మార్పు చేశారు. తొలి కథల్ని గ్రాంథిక బెంగాలీలో రాసిన ఆయన క్రమంగా వ్యావహారికానికి వచ్చారు. అజిత్ చేత కథ చెప్పించడం కూడా మానేశారు. కాలం మారింది, అతని భాష పాతబడిందని అనుకున్నారు. బ్యోంకేశ్ హారిసన్ రోడ్డు విడిచి దక్షిణ కలకత్తాలోని కేయాతలాలో సొంత ఇంటివాడయ్యాడు. మెస్సు జీవితం నగరంలోనూ సన్నగిల్లుతున్న కాలమది.

1970లో ముప్పై మూడో కథ మొదలుపెట్టారు. పేరు 'బిశుపాల్ వధ'. నాటక ప్రదర్శన జరుగుతుంటుంది. సన్నివేశం కోసం దీపాలు ఆర్పుతారు. మళ్లీ వెలిగేసరికి ప్రధాన నటుడు రంగస్థలం మీదే చనిపోయి ఉంటాడు. చీకటిలో అతని దగ్గర ఉన్నవారందరూ వేషాల్లో ఉన్నవారే. ఆ సంవత్సరం సెప్టెంబరు 22న శరదిందు కన్నుమూశారు. హంతకుడెవరో రాయలేదు.